తూర్పు బావిలో పదకొండు ముడులు

మొదటి పూట. వీధి బోర్డు మీద నలభై నాలుగు.

నీటి పంచాయతీ పెద్దలు ఐదుగురికీ, కింది కొన వీధి నుంచి సుంకులమ్మ చెప్పి రాయిస్తున్న మాట.

నా పేరు సుంకులమ్మ. వయసు డెబ్బై తొమ్మిది. ఎనభై దాటిందని నా ఆడబిడ్డ పక్కనుంచి అంటోంది, ఆమె మాట లెక్కలోకి తీసుకోవద్దు. పెన్నగట్టు నగరానికి గోడ కట్టకముందు నుంచి నేను ఇక్కడే ఉన్నాను. ఇంట్లో ఇద్దరమే, నేనూ నా ఆడబిడ్డ ఎల్లక్కా. ఆమె నా మొగుడి చెల్లెలు. నాకు పిల్లలు లేరు. ఆమెకు ఒక్కడే కొడుకు, చౌడేశ్. లోచెరువు ఆఫీసరు అతనే. నా మీద ఫిర్యాదు పెట్టిందీ అతనే. ఇంటి గొడవను తెచ్చి పంచాయతీలో పడేశారని మీరు అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

రాస్తున్నది పక్కింటి మాబున్ని. బట్టలు కుడుతుంది. ఈ వీధిలో చేత్తో రాయడం వచ్చినది ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా ఇంటి గోడతో చెబితే, గోడలోని యంత్రం పంపకమే రాసుకుంటుంది. పంపకం మీద చెప్పే మాటను పంపకానికే చెప్పకూడదు, మనిషి చేత్తో రాయాలి అని మీ కట్టుబాటు. మంచి కట్టుబాటే. ఊరి కొళాయిలన్నీ తిప్పే యంత్రం, దాని తప్పు దానితోనే చెప్పుకుంటే ఏం వింటుంది?

నేను చేసింది ఇది. లోచెరువు పెద్ద గేటు ముద్ర పగలగొట్టాను. చక్రం తిప్పి గేటు సగం మూశాను. రెండు రోజులు ఊరికి సగం నీళ్లే పోయాయి. మిట్ట వీధుల్లో మనిషికి రెండు బిందెలు రావలసినచోట ఒకటే వచ్చింది. మూడో రోజు పొద్దున కాపలావాళ్లు వచ్చి నన్ను చక్రం దగ్గరే పట్టుకున్నారు. పారిపోలేదు. అక్కడే పీట వేసుకుని కూర్చున్నాను. ఆస్పత్రి గొట్టం మాత్రం ముట్టుకోలేదు, అదీ రాయి.

ఎందుకు మూశానో ఇప్పుడు చెబుతాను.

నా మొగుడు నీరుగంటి. చెరువు నీళ్లు ఎవరికి ఎంతో చూసి వదిలే పని. అతను పోయాక పార, తాడు నా చేతికిచ్చారు. పదమూడేళ్లు నేను నీరుగంటిగా ఉన్నాను. తొమ్మిదేళ్ల కిందట పంపకం వచ్చింది. నన్ను ఆఫీసు ఊడ్చే పనిలో పెట్టారు. ఊడ్చాను. పార లాక్కున్నారు గానీ తాడు అడగలేదు, తాడంటే వాళ్లకు తాడే.

ఆ తాడుకు బెత్తెడుకొక ముడి. కొనకు రాయి. ఊరు రోజుకు బెత్తెడు లోతు నీళ్లు తాగుతుంది. తాడు బావిలో దించి, పైకి లాగి, తడిసిన ముడులు లెక్కపెడితే అన్ని రోజులకు నీళ్లున్నట్టు. చదువు రానిదానికి ఇంతకన్నా ఏం కావాలి?

లోచెరువు ఊరి కింద కప్పు వేసిన చెరువు. పైకి కనిపించదు. కొలవడానికి దానికి రెండు బావులు దించారు, పడమర ఒకటి, తూర్పున ఒకటి. పంపకం నీళ్ల లోతు వినే తన చెవిని పడమటి బావిలో పెట్టుకుంది. ఊరికి నీళ్లు పోయే తూము మాత్రం తూర్పున ఉంది. తూర్పు బావి మీద బ్యాటరీల గది కట్టేశారు. ఆ గది ఊడ్చేది నేను. గది మూల బండ కిందే బావి ఉందని ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు, నాకుంది.

రెండేళ్లుగా వాన లేదు. మృగశిర ఎండగానే పోయింది, ఆరుద్ర ఎండగానే పోయింది. ఎనిమిది రోజుల కిందట గడ్డపారతో ఆ బండను చేతి సందు జరిపి తాడు దించాను. అప్పటికి వీధి బోర్డు యాభై ఒక్క రోజుల నీళ్లున్నాయని చూపిస్తోంది. పైకి లాగితే పద్దెనిమిది ముడులే తడిసి ఉన్నాయి. కొన రాయికి నల్ల బురద అంటుకుని వచ్చింది.

తూర్పున నేల లేదు పెద్దలారా. పూడిక దిబ్బ ఉంది. తూము స్తంభానికి పైనుంచి కిందిదాకా కన్నాలుంటాయి. కింది కన్నాలు ఎప్పుడో పూడిపోయాయి. ఊరు పై కన్నాల నీళ్లే తాగుతోంది. నీళ్లు ఆ దిబ్బ దాకా దిగిన రోజున, పడమర ఎంత లోతున్నా సరే, తూములోకి పోయేది బురద. ఆ బురద వీధుల కింది సన్న గొట్టాల్లోకి పోయి ఎండిందంటే, తర్వాత ఎంత వాన కురిసినా ఊరికి గొట్టాలు ఉండవు.

ఈ రోజు బోర్డు మీద నలభై నాలుగు. నా లెక్కకు పదకొండు. నా కేసు విచారణ బోర్డు ముప్పై చూపించే రోజున అన్నారు. అంటే నా నీళ్లు అయిపోయిన మూడు రోజులకు.

అందుకే ముందుగా రాయిస్తున్నాను. మాబున్ని చెయ్యి నొప్పంటోంది. ఇంక రేపు.


రెండో పూట. బోర్డు మీద నలభై మూడు. నా దగ్గర పది.

నా తాడు మీ దగ్గర సాక్ష్యం కింద ఉంది. పాత చీర అంచు చించి పదకొండు ముడులు వేసి వాకిట్లో మేకుకు కట్టాను. రోజుకొక ముడి విప్పుతున్నాను. పొద్దున ఒకటి విప్పాను.

గడప దాటకూడదని నాకు హుకుం. నీళ్ల వాటా ఇప్పించే చేతి కడియం ఆపేశారు, తగిలిస్తే కొళాయి గుడ్డి కన్ను పెట్టినట్టు చూస్తుంది. విచారణ అయ్యేదాకా నాకు వాటా లేదు. ఎల్లక్క కడియం ఒక్కటే పని చేస్తోంది. ఆమె రెండు బిందెలే ఇద్దరికీ. పొద్దున సంకటి కెలికేటప్పుడు ఆవిరి మూత ఒక్క క్షణం తీశానని నన్ను తిట్టింది. మూతకు పట్టిన చెమటను గరిటెతో గీరి లోటాలో వేసింది. అది చెంబులో పావు కూడా రాదు. అయినా గీరింది. గిన్నెలు బూడిదతో తోమి పాత గుడ్డతో తుడిచాం. పాత రోజుల్లో పీనుగ లేచిన ఇంట్లో కూడా ఇంత తక్కువ నీళ్లతో పని జరగలేదు.

"నీ పుణ్యాన నేనూ ఖైదీనే అయితిని వదినా" అంది నీళ్లు పంచుతూ. రెండు లోటాలూ పక్కపక్కన పెట్టి వంగి చూసి, నాదాంట్లోంచి గుక్కెడు తనదాంట్లోకి ఒంపుకుంది. ఒంపుకోనిచ్చాను. ఆమె వాటా అది.

నిన్న ఒక మాట చెప్పలేదు. నిన్న పొద్దున మీరు పడమటి బావిలో నా తాడు దించి చూశారు. నలభై నాలుగు ముడులూ తడిశాయి. ముసలిదానికి కళ్లు కనిపించలేదు అన్నారు. పడమర అన్నే తడుస్తాయి. పడమర నేల శుభ్రంగా ఉంది. తూర్పున దించండని అప్పుడే అరిచాను. ఆ గది తలుపు ఇప్పుడు పంపకం చేతిలో ఉంది. నేను బండ జరిపానని తెలియగానే అది తలుపు మూసేసుకుంది. చెరువు అడుగు నేల ఎక్కడుందన్న లెక్క తప్పు అని కాగితం మీద ఉంటేనే తెరుస్తుందట.

నేల లెక్క తప్పు కాదనే కాగితం మాత్రం ఉంది. పంపకం పెట్టిన ఏడాది, పూడిక అంతా తీశాం అని రాసిన కాగితం. దాని మీద పార గుర్తు ఉంది. ఆ నిశాని నాది.

దాని సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు కాదు. మాబున్నీ, ఈ పూటకు చాలు.


మూడో పూట. బోర్డు మీద నలభై ఒకటి. నా దగ్గర ఎనిమిది.

నిన్న రాయించలేదు. దుమ్ము గాలి లేచి వీధి అంతా ఎర్రగా అయింది, మాబున్ని వాకిలి దాటలేకపోయింది. నిన్నటి ముడి కూడా కలిపి ఈ రోజు రెండు విప్పాను.

పొద్దున వీధి కొళాయి దగ్గర నీళ్లలో సన్నగా నలుసులు తేలాయని ఎల్లక్క చెప్పింది. గుడ్డలో వడపోసి ఆ గుడ్డ నాకు చూపించింది. వేలితో రుద్దాను. దుమ్ము కాదు. దుమ్ము గరగరలాడుతుంది, ఇది వెన్నలా మెత్తగా జారింది. లోచెరువు అడుగు ఎలా ఉంటుందో నా అరచేతులకు తెలుసు. పంపకాన్ని అడిగితే నిన్నటి గాలికి లేచిన దుమ్ము అని గోడ చెప్పిందట.

మధ్యాహ్నం మిట్ట వీధి నుంచి వసుంధర అనే ఆవిడ వచ్చింది. ఇంట్లో పక్షవాతం మామ ఉన్నాడట. గేటు మూసిన ఆ రెండు రోజులు ఆయనకు ఒళ్లు తుడవడానికి నీళ్లు లేకపోయాయట. నా వాకిట్లో నిలబడి నింపాదిగా మాట్లాడింది. అరవలేదు, అదే ఎక్కువ తగిలింది. నాకు సొంత మనుషులెవరూ లేరు కాబట్టి ఊరి గొంతు మీద కాలు పెట్టడం నాకు సుళువని అంది. వెళ్లేముందు తెచ్చుకున్న ఖాళీ బిందెను నా గడప ముందు బోర్లించింది. ఈ ఊళ్లో దానికంటే పెద్ద శాపం లేదు. ఎవరి ముందు బోర్లిస్తారో వాళ్ల ఇంట్లో నీళ్లు పుట్టకూడదని.

ఆమె మలుపు తిరిగేదాకా ఎల్లక్క చూస్తూ ఉండి, ఆ బిందె తీసుకొచ్చి మాబున్ని ముందు పెట్టింది. "కాగితం పెట్టుకోనీకి బాగుంటాది, మంచి ఇత్తడి" అంది. ఇప్పుడు రాస్తున్నది ఆ బిందె వీపు మీదే. అక్షరాలు వంకరగా ఉంటే అందుకు.

ఆ తర్వాత మా ఇద్దరికీ జగడం అయింది. చాలాకాలానికి నిజం జగడం. వంట గురించి, మూత గురించి జరిగేది కాదు.

"మొత్తం చెప్తాండావు. ఆ ఒక్కటీ ఎందుకు చెప్పవు?" అంది.

ఏ ఒక్కటి అని అడిగాను, తెలిసే.

"పార దించిన దినం. నేనూ ఆడనే ఉంటిని కదా వదినా. నా చేతిలోనూ గంప ఉన్నింది."

నోర్ముయ్యమన్నాను. తొమ్మిదేళ్ల కిందట కూడా ఆమెను ఇదే మాటతో ఆపాను. అప్పుడు ఆగింది. ఈ రోజు ఆగలేదు.

"చెరువులో కూచున్న బురద కన్నా నీ కడుపులో కూచున్న బురద ఎక్కువయింది" అంది.

ఈ మాట కూడా రాయమని మాబున్నికి నేనే చెప్పాను.


నాలుగో పూట. బోర్డు మీద నలభై. నా దగ్గర ఏడు.

పొద్దెక్కాక చౌడేశ్ వచ్చాడు. ఆఫీసు బట్టల్లో కాదు. గడప బయటే ఎండలో నిలబడ్డాడు. కేసు తేలేదాకా ఫిర్యాదుదారు లోపలికి రాకూడదు. పెదవులు పగిలి ఉన్నాయి. అతను ఊరికి నీళ్లిచ్చేవాడే గానీ తన రెండు బిందెల్లో ఒకటి ఎవరికో ఇస్తున్నాడని విన్నాను. ఎవరికో నేను అడగలేదు.

వాళ్లమ్మ అతని వైపు చూడకుండానే అంది. "ఫిర్యాదు పెట్టినోనికి ఈ ఇంట్లో నీళ్లు ల్యావు."

"నేను నీళ్లకు రాలేదుమా" అన్నాడు.

నేను ఉలవలు ఏరుతున్నాను. చాటలోంచి తల ఎత్తకుండా అడిగాను, కొళాయిలో వచ్చిన ఆ మెత్తటి బురద చూశావా అని. చూశానన్నాడు. దాన్ని పంపకం దుమ్ము అంటే నువ్వూ దుమ్మే అంటావా అన్నాను. ఆఫీసులో తను ఒక్కడే ఉన్నాడని, ఒక్క మనిషి అనుమానానికి పంపకం తలుపు తియ్యదని అన్నాడు. అలా చెయ్యడమే మంచిదని దాన్ని కట్టినప్పుడు అనుకున్నారట. ఒక ఆఫీసరు చెబితే నీళ్లు మళ్లించే కాలం చూసినవాళ్లు అలాగే అనుకుంటారు. అందులో తప్పు లేదు.

"మరి ఎవురు చెప్తే ఇంటాది?" అన్నాను.

"కాగితం చెప్తే. నేల లెక్కకు ఆధారం నీ నిశాని అత్తా. దాన్ని నేను కొట్టేయలేను, పంచాయతీ కొట్టేయలేదు. ఏసినోళ్లే ఎనక్కి తీసుకోవాల. ఎదుటి పక్షం మనిషి ఒకడు సాక్షి ఉండాల. అట్ల తీసుకుంటే ఆ గంటలోనే పంపకం ఆ లెక్క వదిలేస్తాది. తలుపు తెరుస్తాది. గేటు నా చేతికి వస్తాది."

విచారణ దాకా ఆగనక్కర లేదా అని అడిగాను. అక్కర లేదన్నాడు. మరి ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

అతను గడప మీది ముగ్గు వైపు చూశాడు. ముగ్గంటే పిండి కాదు, ఈ మధ్య బూడిదతోనే వేస్తున్నాం.

"తప్పుడు నిశానికి శిచ్చ తెలుసు కదా. ఒక్క మనిషికి కాదు, ఇంటికి. ఇంటి వాటా పూరాగా పోతాది. గోడ బయట ఉప్పుబావుల దగ్గర ఉండాల." ఆగి అన్నాడు, "మాయమ్మ ఈ ఇంట్లోనే ఉండాది."

నాకు చేతిలో ఉలవలు కనిపించలేదు. వేళ్లు ఏరుతూనే ఉన్నాయి.

తర్వాత అతను అడిగిన మాట ఇది. "అత్తా, ఆ దినం కాగితం తెచ్చింది నేనే. అది నా మొదటి పని. పూర్తయిందా అని అడిగితిని. పూర్తయింది రా అంటివి. నిజమేనా?"

అతని వైపు చూడలేదు. అవుననలేదు, కాదనలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఎండలో అతని అడుగుల కింద దుమ్ము లేచి చాలాసేపు అలాగే నిలిచి ఉంది, గాలి లేదు.

వాటా పోయి ఉప్పుబావుల దగ్గర ఉంటున్నవాళ్లను నేను చూశాను. అక్కడి నీళ్లు తాగిన ఏడాదికి పళ్లు పచ్చబడతాయి, మోకాళ్లు వంగవు. ఎల్లక్క మోకాళ్లు ఇప్పటికే వంగవు.


ఐదో పూట. బోర్డు మీద ముప్పై తొమ్మిది. నా దగ్గర ఆరు.

కొళాయి నీళ్లు ఈ రోజు గుడ్డలో ఎక్కువ నలుపు వదిలాయి. ఊళ్లో అందరూ గుడ్డలు వేసి పట్టుకుంటున్నారట. పిల్లలకు కాచి ఇవ్వమని గోడ చెబుతోందట. బురదను కాస్తే వేడి బురద అవుతుంది.

ఇప్పుడు చెబుతాను. ఒక్కసారే చెబుతాను, మధ్యలో ఆపొద్దని మాబున్నికి చెప్పాను.

పంపకం రాకముందు ఏటా ఎండాకాలం చివర లోచెరువులోకి దిగేవాళ్లం. పడమటి మెట్ల నుంచి మొదలుపెట్టి తూర్పు తూము దాకా. ఇంటికొక మనిషి. పార, గంప. మొదటి వరదతో వచ్చిన బురద అంతా ఎత్తి గట్టు మీద పోసేవాళ్లం. దానికొక కట్టుబాటు ఉంది. పని జరుగుతుండగా వాన పడిందంటే ఎక్కడి పార అక్కడ కింద పెట్టాలి. ఒక్క గంప కూడా ఎత్తకూడదు. గంగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడితే మనం చీపురు పట్టుకున్నట్టు అవుతుంది. పార దించి, ఒకరి చెంపకు ఒకరు ఆ బురదే పూసుకుని, పైకి వచ్చి వానలో తడవాలి. దాన్ని పార దించడం అంటాం. నా పెళ్లయిన నాటి నుంచి చూశాను. ప్రతి ఏడాదీ పని పూర్తయ్యాకే వాన వచ్చేది, లేకపోతే ఒకటి రెండు రోజుల పని మిగిలేది. మిగిలింది మరుసటి ఏడు తీసేవాళ్లం. చెరువు ఓర్చుకునేది.

ఆ ఏడు పన్నెండో రోజునే వాన వచ్చింది. చెరువులో సగానికే వచ్చాం. పడమటి సగం రాతి నేల తేలింది, తూర్పున దిబ్బ అలాగే ఉంది. నా తల ఎత్తు. మీద బావిలోంచి చినుకులు పడుతున్నాయి. మూడేళ్లుగా సరైన వాన చూడని జనం. నేను నీరుగంటిని, మొదటి పార నేనే దించాలి. దించాను. అందరూ దించారు. ఏడ్చినవాళ్లు ఉన్నారు, నవ్వినవాళ్లు ఉన్నారు. నా రెండు చెంపలకూ బురద పూసింది ఎల్లక్క. పూస్తూ చెవిలో అంది, సగమే కదా వదినా అయింది అని. నోర్ముయ్యమన్నాను.

ఆ సాయంకాలమే చౌడేశ్ కాగితం పట్టుకుని వచ్చాడు. ఒళ్లంతా తడిసి, మొహం వెలిగిపోతూ. వారంలో పంపకం కూర్చోబెడతారట, దానికి చెరువు నేల ఎక్కడుందో చెప్పాలి, నీరుగంటి నిశాని కావాలి.

చదువు రాదు కదా, ఏం రాసుందో తెలియక వేసిందని రాద్దాం పెద్దమ్మా అని మాబున్ని నిన్న సాయంత్రం మెల్లగా అంది. నా మీద ప్రేమతోనే అంది. అలా రాస్తే శిక్ష కూడా తగ్గుతుందట. వద్దు. అతను నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. పూడిక అంతా తీశాం, తూము మొదలు మెట్ల దాకా రాతి నేల తేలింది అని ఉంది. ప్రతి మాటా అర్థమయింది. అడిగాడు. పూర్తయింది రా అన్నాను. పార గుర్తు గీశాను.

ఎందుకంటే ఇది. సగమే అయిందని చెబితే వాన పడుతుండగా మళ్లీ దిగమనేవాళ్లు. పంపకం ఆగదు కదా. వాన కళ్ల ముందు పార ఎత్తించిన మొదటి నీరుగంటి సుంకులమ్మ అనే పేరు నాకు వద్దు. వచ్చే ఏడు తీసుకుందాంలే అనుకున్నాను. వచ్చే ఏడు ఎవరినీ దిగనివ్వలేదు. నేల శుభ్రంగా ఉంది, కాగితం ఉంది, దిగడం ఎందుకు అన్నారు. అప్పుడైనా చెప్పవలసింది. అప్పటికి ఊడ్చే పనిలో ఉన్నాను. నా చేతిలోంచి పార లాక్కున్న వాళ్లకు నేనెందుకు చెప్పాలి, తెలుసుకోనీ అని కూడా అనుకున్నాను. ఆ కోపం ఉంది. అదీ రాయి. వాన పడిన ప్రతి ఏడూ మొదటి వరద బురద తెచ్చి ఆ దిబ్బ మీద పోస్తూ వచ్చింది. తొమ్మిదేళ్లు నేను దాని పై గది ఊడ్చాను.

పంపకం అబద్ధం చెప్పలేదు. దానికి నేను చెప్పిన అబద్ధాన్నే రోజూ వీధి బోర్డు మీద చూపించింది.


అదే రోజు, పొద్దు వాలకముందు.

పైదంతా చెప్పాక మాబున్ని చదివి వినిపించింది. నిశాని వేసే ముందు ఎల్లక్కను అడగాలి. శిక్ష ఆమె నెత్తిన కూడా పడుతుంది. ఆమె వాకిట్లో ఎండిన గుడ్డలు మడత పెడుతోంది, బురద మరకలున్న గుడ్డలే.

ఆమె కొడుకు ఇంటికి పొమ్మన్నాను. వాటా కోత పడకముందే ఇల్లు మారితే ఆమెకు వర్తించదు. నేను ఒక్కదాన్నే గోడ బయటికి పోతాను అన్నాను.

"నా కోడలు ఉప్పు ఎయ్యదు కూట్లో" అంది.

"ఉప్పుబావుల కాడ కావలసినంత ఉప్పు. ఎల్లీ, నేను తమాషాకు చెప్పలేదు."

గుడ్డ మడత పూర్తి చేసింది. కింద పెట్టింది.

"తొమ్మిదేండ్లు నోర్మూసుకుంటిని నీ మాట ఇని. నా గంప కూడా ఆడనే పెట్టి వస్తిని కదా. నలభై ఏండ్లు నీ సంకటి తిన్న్యా వదినా. ఉప్పుబావి నీళ్లు దానికన్నా అధ్వానంగా ఉంటాయా ఏంది?"

ఇల్లు మారలేదు. ఇక్కడే ఉంది. రాయి.

చౌడేశ్‌ను పిలిపించాము. మాబున్ని గడప ఇవతల నిలబడి మొత్తం చదివింది, అతను అవతల నిలబడి విన్నాడు. పూర్తయింది రా అన్నాను అనే చోట కళ్లు మూసుకున్నాడు. ఆ కాగితం మీద నా నిశాని కింద అతని పేరు కూడా ఉంది, విచారించి తీసుకున్నాను అని. నా మాట పోతే దాంతో అతని ఉద్యోగం పోతుంది. నేను చెప్పనక్కర లేదు, అతనికే తెలుసు.

"నన్ను నమ్మి నీ పేరు పెడితివి నాయనా" అన్నాను.

"నువ్వు అత్తవి కదా. నమ్మక ఏం చేయాల?" అన్నాడు.

కాగితం అడిగాడు. ఎదుటి పక్షం సాక్షిగా సంతకం చేస్తానన్నాడు. బిందె వీపు మీద పెట్టి గడప మీదుగా ఇచ్చాం. చేత్తో రాయడం అలవాటు తప్పి పేరు నెమ్మదిగా గీశాడు. అతను తల ఎత్తేసరికి వాళ్లమ్మ లోటాతో నిలబడి ఉంది. వడపోసిన నీళ్లు, తన వాటాలోవి.

"ఫిర్యాదు పెట్టినోనికి ల్యావు. సాక్షికి ఇయ్యొచ్చు. తాగి పో, గేటు ముయ్యాల."

తాగాడు.

ఇంక పంచాయతీ పెద్దలకు నేను చెప్పేది ఇంతే. ఈ ఆఖరి కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టమని మాబున్నికి చెప్పాను. మొదట గేటు సగం మూయించండి, శిక్ష తర్వాత చదవండి. సగం గేటు మీద నా ఆరు ముడులు పన్నెండు రోజులు వస్తాయి. ఆస్పత్రికి, కింది కొనకు ముందు వదలండి, మిట్ట వీధులకు చివర. మిట్ట వీధి వసుంధర ఇంట్లో పక్షవాతం మనిషి ఉన్నాడు, ఆ ఇంటికి మాత్రం ఆస్పత్రి లెక్క చూడండి. ఆమె బిందె మా దగ్గరే ఉంది, పంపిస్తాం. పడమటి బావిలోంచి చేదుకుని తాగుతూ ఉండండి. నీళ్లు దిగేకొద్దీ తూర్పు దిబ్బ బయటపడుతుంది. బయటపడగానే ఇంటికొక మనిషిని దించండి. తూము కింది కన్నాల దగ్గర నుంచి మొదలుపెట్టండి, మేము చేసినట్టు మెట్ల దగ్గర నుంచి కాదు.

ఈసారి పని సగంలో వాన పడితే పార కింద పెట్టకండి. తడుస్తూనే తవ్వండి. గంగమ్మ అడిగితే సుంకులమ్మ చెప్పిందని చెప్పండి.

తొమ్మిదేళ్ల కిందట వేసిన పార నిశానిని ఈ పార నిశానితో వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. చదివి వినిపించగా విన్నాను. ప్రతి మాటా అర్థమయింది.

సుంకులమ్మ, ఒకప్పటి నీరుగంటి. పార నిశాని.

సాక్షులు:
ఎల్లక్క, ఇదే ఇల్లు. గాజు నిశాని.
చౌడేశ్, లోచెరువు ఆఫీసరు, ఫిర్యాదుదారు. చేవ్రాలు.

చేత్తో రాసినది మాబున్ని, కింది కొన వీధి. ఇందులో కొట్టివేతలు లేవు.